పద్దెనిమిది నిండాక: హోముల్లో పెరిగిన పిల్లల కళాశాల చదువుపై ఒక సంవాదం

బాలల సంరక్షణాలయంలో పెరిగిన యువతీయువకులకు పద్దెనిమిదేళ్ళు నిండిన తర్వాత అందే తోడ్పాటును అనంతర సంరక్షణ అంటారు. శాఖలో పనిచేసేవాళ్ళ నోట అది ‘ఆఫ్టర్ కేర్’. దీనికి ఆధారం 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం. 2016 జనవరి 15న అమల్లోకి వచ్చిన ఈ చట్టంలోని 46వ సెక్షన్, సంరక్షణాలయం విడిచి వెళ్ళే బిడ్డ సమాజంలో కుదురుకోవడానికి ఆర్థిక సాయం ‘ఇవ్వవచ్చు’ అంటుంది. ఎప్పటిదాకా అన్నది నిర్వచనంలోనే ఉంది: ఇరవై ఒకటి నిండేదాకా. 2016లో కేంద్రం రూపొందించిన మాదిరి నియమాల్లో 25వది ఇంకొంచెం ముందుకు వెళ్ళి, అసాధారణ పరిస్థితుల్లో మరో రెండేళ్ళు, అంటే ఇరవై మూడు దాకా పొడిగించే వీలు కల్పించింది. ఆరుగురో ఎనిమిదిమందో కలిసి ఉండే ఇళ్ళు, వృత్తి శిక్షణ కాలంలో స్టైపెండు, పై చదువుకు ఉపకారవేతనం, ఉద్యోగం దొరికేదాకా ఆసరా, దగ్గర కూర్చుని దారి చెప్పే సలహాదారు: ఇవన్నీ ఆ నియమంలో రాసి ఉన్నవే.

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ కోసం తయారై 2018లో వెలువడిన నివేదిక ప్రకారం దేశంలో 9,589 సంరక్షణాలయాలు, వాటిలో దాదాపు 3.7 లక్షల మంది పిల్లలు ఉన్నారు. తెలుగు రాష్ట్రాల్లో ఇవి రకరకాల పేర్లతో కనిపిస్తాయి. ఆడపిల్లలకు బాలసదనాలు, పసివాళ్ళకు శిశువిహార్‌లు, మగపిల్లలకు చిల్డ్రన్స్ హోములు, ఇవి కాక స్వచ్ఛంద సంస్థలు నడిపే ఆశ్రమాలు. జనం మాటలో అన్నీ ‘హోములే’, అక్కడ పెరిగినవాళ్ళందరూ ‘హోము పిల్లలే’. వీళ్ళందరూ అనాథలు కారు. తండ్రి పోయి తల్లి వలస కూలికి వెళ్ళినవాళ్ళు, తల్లి మారుమనువు చేసుకుంటే ఆ ఇంట్లో చోటు దొరకనివాళ్ళు, ఇంటి హింస భరించలేక రైలెక్కి వచ్చేసినవాళ్ళు కూడా ఉంటారు. ఫోస్టర్ కేర్ కింద వేరే కుటుంబంలో పెరిగేవాళ్ళ సంఖ్య మన దగ్గర ఇంకా తక్కువే. పద్దెనిమిది నిండితే ఆ కుటుంబానికి వచ్చే నెలసరి సాయమూ ఆగిపోతుంది.

ఈ పిల్లలను కళాశాల చదువులో ఎవరు, ఎంతకాలం, ఏ రూపంలో ఆదుకోవాలన్న దగ్గర ఈ రంగంలోని వాళ్ళే రెండుగా చీలిపోతారు. ఒక పక్షం వాదన హోములను నడిపిన అనుభవంలోంచి వస్తుంది. దాన్ని ఇక్కడ ఒక విశ్రాంత జిల్లా బాలల సంరక్షణాధికారి వినిపిస్తారు. రెండో పక్షం వాదన తరగతి గదిలోంచి వస్తుంది. దాన్ని ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో పనిచేసే అధ్యాపకురాలు వినిపిస్తారు. తగవు మొదలయ్యేది వయసు దగ్గర.

అధికారి: “ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదమ్మా. ఇరవై ఒకటి అన్నది చిన్న వయసేం కాదు. మన పల్లెల్లో ఆ వయసుకి ఇల్లు మోస్తున్న కుర్రాళ్ళు ఎంతమంది లేరు? పద్దెనిమిది నుంచి మూడేళ్ళు గడువిస్తే ఏదో ఒక పని నేర్చుకుని నిలబడొచ్చు. పెంచుకుంటూ పోతే దానికి అంతుండదు.”

అధ్యాపకురాలు: “లెక్క వేసి చూద్దాం సార్. ఐదేళ్ళు నిండి బళ్ళో చేరిన పిల్ల పదిహేనుకి పదో తరగతి, పదిహేడుకి ఇంటరు, ఇరవైకి డిగ్రీ పూర్తి చేస్తుంది. అది ఇంట్లో పెరిగిన పిల్ల లెక్క. బస్టాండులో దొరికి, తొమ్మిదో ఏట మొదటిసారి పలక పట్టిన పిల్ల సంగతేంటి? బ్రిడ్జి కోర్సు చదివించి వయసుకు తగ్గ తరగతి దరిదాపుల్లో కూర్చోబెట్టినా రెండు మూడేళ్ళు వెనకే ఉంటుంది. పద్దెనిమిది నిండేసరికి ఇంటరు మొదటి ఏడు. ఇరవై ఒకటి నిండేసరికి డిగ్రీ రెండో ఏడు. మీ గీత ఆమె చదువు మధ్యలోంచి పోతుంది. ఇంజనీరింగులో చేరితే ఇరవై మూడు దాకా పొడిగించినా నాలుగో ఏడు బయటే మిగులుతుంది.”

ఇక్కడ మరో సంగతి చేరుతుంది. పుట్టిన తేదీ తెలియని బిడ్డకు వయసు ఎలా నిర్ణయించాలో చట్టంలోని 94వ సెక్షన్ చెబుతుంది. ముందు బడి ఇచ్చిన పుట్టిన తేదీ పత్రం గానీ మెట్రిక్ సర్టిఫికెట్ గానీ చూస్తారు. అది లేకపోతే పురపాలక సంఘమో పంచాయతీయో ఇచ్చిన జనన ధ్రువపత్రం. ఏదీ లేనప్పుడు ఎముకల పరీక్ష. ఆ పరీక్షలో రెండేళ్ళు అటూ ఇటూ తేడా రావచ్చని సుప్రీంకోర్టు 1982లోనే గుర్తించింది. అంటే హోములో చేరిన నాడు ఒక వైద్యుడు ఎక్స్‌రే చూసి వేసిన అంచనా, పదేళ్ళ తర్వాత ఆ బిడ్డ హోము గుమ్మం దాటే తేదీ అవుతుంది. పదహారున్నరకే బయటికి వచ్చినవాళ్ళు ఉండి ఉండవచ్చు. వాళ్ళెవరో తేల్చే దారి లేదు. వయసు గీతను సమర్థించేవాళ్ళు ఈ ఒక్క విషయానికి సమాధానం వెతుక్కోవలసే ఉంటుంది.

అధికారి: “ఎముకల పరీక్ష మాట ఒప్పుకుంటాను. కానీ గీత జరిపితే ఖర్చు ఎవరి మీద పడుతుందో చూడండి. కేంద్రం బాలల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్యలో ఆఫ్టర్ కేర్‌కి నెలకి 4,000 రూపాయలు. స్పాన్సర్‌షిప్‌కీ అదే 4,000. ఆ స్పాన్సర్‌షిప్ ఒక ఒంటరి తల్లి చేతికి అందితే ఆమె ఏడేళ్ళ బిడ్డని హోముకి పంపకుండా తన దగ్గరే పెట్టుకుంటుంది. ఇరవై రెండేళ్ళ కుర్రాడికి ఇంకో ఏడాది ఇవ్వడమా, ఆ బిడ్డని తల్లి ఒడిలో ఉంచడమా? ఫైలు మీద సంతకం పెట్టే చోట కూర్చుంటే ఈ ప్రశ్న రోజూ ఎదురవుతుంది.”

ఇది తేలిగ్గా కొట్టెయ్యదగ్గ వాదన కాదు. పిల్లలు హోముకు రాకుండా చూడడమే అన్నిటికన్నా మంచి సంరక్షణ అన్న దానిపై ఇప్పుడు పెద్దగా భిన్నాభిప్రాయం లేదు. ఈ రెండు సాయాలూ కేంద్రం 60, రాష్ట్రం 40 వంతున భరించే ఒకే పథకంలోంచి వస్తాయి కాబట్టి, ఒకదానికి పెరిగితే మరొకదానికి తరుగుతుందేమోనన్న భయం ఊహ కాదు.

అధ్యాపకురాలు: “ఆ తల్లి పక్కన ఈ కుర్రాణ్ణి నిలబెట్టి ఇద్దరిలో ఒకరిని ఎంచుకోమనడమే తప్పు సార్. రాజ్యం తలుచుకుంటే వేరే దారి పట్టగలదని మనం చూశాం. కోవిడ్‌లో తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్న పిల్లలకి 2021 మేలో పీఎం కేర్స్ ఫర్ చిల్డ్రన్ వచ్చింది. పద్దెనిమిది నుంచి నెలనెలా స్టైపెండు, ఇరవై మూడు నిండగానే పది లక్షలు, ఉన్నత చదువు రుణానికి వడ్డీ కట్టే ఏర్పాటు, ఐదు లక్షల ఆరోగ్య బీమా. బిడ్డ తన కాళ్ళ మీద నిలబడ్డానికి ఇరవై మూడేళ్ళు పడుతుందని ఒప్పుకున్నది ప్రభుత్వమే. మరి అమ్మ క్షయతో పోయి, నాన్న లారీ కింద పడి పోయిన పిల్లకి మాత్రం ఇరవై ఒకటి చాలా?”

అధికారి: “అది విపత్తు. పైగా ఆ పిల్లలు దేశం మొత్తంలో నాలుగున్నర వేల మందే. అంతమందికి చెయ్యగలిగింది అందరికీ చెయ్యగలమా?”

అధ్యాపకురాలు: “ఈ పిల్లల లెక్కా మన దగ్గరే ఉంది. ఏ జిల్లాలో ఏ నెలలో ఎంతమందికి పద్దెనిమిది నిండుతుందో ప్రతి హోము రిజిస్టరూ చెబుతుంది. హోముల్లో ఉన్న లక్షల మందీ ఒక్కసారిగా కాలేజీ గేటు దగ్గరికి రారు. ఏటా బయటికి వచ్చేవాళ్ళలో ఇంటరు దాటి చదివేవాళ్ళు కొద్దిమందే. ఆ కొద్దిమందిని కూడా మధ్యలో వదిలేస్తున్నాం.”

తర్వాతి తగవు డబ్బు గురించి. ఫీజు సమస్య చాలావరకు తీరిపోయిందనీ, కొత్తగా చెయ్యవలసింది తక్కువేననీ మొదటి పక్షం నమ్మకం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బీసీలకూ ఈబీసీలకూ విస్తరించిన ఫీజు రీయింబర్స్‌మెంట్ రెండు రాష్ట్రాల్లోనూ పేర్లూ పద్ధతులూ మార్చుకుంటూ కొనసాగుతోంది. సాంఘిక సంక్షేమ, బీసీ సంక్షేమ కళాశాల హాస్టళ్ళు ఉన్నాయి. అనాథ విద్యార్థులను కూడా అర్హులుగా చేర్చి అఖిల భారత సాంకేతిక విద్యామండలి ఇచ్చే స్వనాథ్ స్కాలర్‌షిప్ ఏడాదికి 50,000 రూపాయలు. ఇన్ని ఉండగా హోము పిల్లకు ప్రత్యేకంగా ఇంకేం కావాలన్నది అధికారి ప్రశ్న.

అధ్యాపకురాలు: “పథకాలు లేవని నేనూ అనను. కానీ ప్రతి పథకం దరఖాస్తులోనూ తండ్రి పేరు, కుటుంబ ఆదాయం, శాశ్వత చిరునామా అని మూడు గళ్ళు ఉంటాయి. ఆ మూడూ లేని పిల్ల మీసేవ కిటికీ ముందు నిలబడి ఏం రాయాలి? ఆదాయ ధ్రువపత్రం ఎవరి ఆదాయానికి? రీయింబర్స్‌మెంట్ సొమ్ము ఏళ్ళ తరబడి విడుదల కానప్పుడు, ముందు మీరు కట్టండి, వచ్చాక తీసుకోండి అనే కాలేజీలు ఉన్నాయి. కట్టేదాకా టీసీ, మెమోలు తమ దగ్గరే అట్టిపెట్టుకుంటాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టి ఉంచుకోవద్దని యూజీసీ 2018లో చెప్పినా సరే. ఇంట్లో పెరిగిన పిల్లకి ఆ రోజు నాన్న వచ్చి ప్రిన్సిపాల్‌తో మాట్లాడతాడు, మేనమామ అప్పు తెస్తాడు, అమ్మ పుస్తెలతాడు తాకట్టు పెడుతుంది. ఈ పిల్ల సర్టిఫికెట్లు మాత్రం ఆ బీరువాలోనే ఉండిపోతాయి.”

అధికారి: “బ్యాంకులు విద్యారుణం ఇస్తాయి కదమ్మా. నాలుగు లక్షల దాకా తాకట్టు కూడా అక్కర్లేదు.”

అధ్యాపకురాలు: “తాకట్టు అక్కర్లేదు, నిజమే. తల్లో తండ్రో సహ రుణగ్రహీతగా సంతకం పెట్టాలి కదా. హామీదారు లేకుండా రుణమిచ్చే పీఎం విద్యాలక్ష్మి 2024 నవంబరులో వచ్చింది, మంచిదే. అది ర్యాంకుల్లో ముందున్న సంస్థల విద్యార్థులకే. మండల కేంద్రంలో బీకాం చదివే పిల్లకి వర్తించదు.”

ఆఫ్టర్ కేర్ కింద వచ్చే 4,000 రూపాయల విలువ మీద ఇద్దరికీ పెద్ద తేడా లేదు. 2022లో మిషన్ వాత్సల్య మార్గదర్శకాలు రాకముందు ఇది 2,000 రూపాయలే. ప్రభుత్వ హాస్టల్లో సీటు దొరికినవాళ్ళకు 4,000 పుస్తకాలకూ బస్సు పాసుకూ బట్టలకూ సరిపోతాయి. హైదరాబాదులో ప్రైవేటు హాస్టల్లో నలుగురు పంచుకునే గదిలో ఉండవలసి వస్తే భోజనంతో కలిపి ఆ ఖర్చుకే చాలవు. పైగా ఇవి నెలనెలా క్రమం తప్పకుండా పడితేనే పనికొస్తాయి. ఆరు నెలలకోసారి పడే సొమ్ముతో మెస్ బిల్లు కట్టలేరు. ఈ మాట అధికారే ముందు అన్నారు.

రిజర్వేషన్ విషయం కొంచెం సూక్ష్మమైనది. కులం తెలియని పిల్లల్ని ఏ కోవలో చేర్చాలన్న ప్రశ్నకు ఉమ్మడి రాష్ట్రం ఒక జవాబు చెప్పింది. పదేళ్ళు నిండకముందే తల్లిదండ్రులను కోల్పోయి, చట్టరీత్యా గానీ ఆచారరీత్యా గానీ చూసేవాళ్ళెవరూ లేక, ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపున్న బడిలోనో అనాథాశ్రమంలోనో చేరిన పిల్లలను బీసీ-ఏ జాబితాలో చేర్చింది. ఆ వర్గానికి ఏడు శాతం కోటా ఉంది. మహారాష్ట్ర 2018లో అనాథలకు విడిగా ఒక శాతం కేటాయించింది. మన పద్ధతి మహారాష్ట్ర కన్నా ముందుదే, కొన్ని కుటుంబాల బతుకులు మార్చిందే. కానీ పదేళ్ళ గీత దగ్గర చాలామంది ఆగిపోతారు. పదకొండో ఏట తల్లి పోయిన పిల్ల, తండ్రి బతికున్నాడో లేడో తెలియని పిల్ల, తల్లి ఉండీ చూడ్డానికి రాని పిల్ల ఇందులోకి రారు. హోములో వాళ్ళతో పక్కపక్క మంచాల మీద పెరిగిన స్నేహితురాలు వస్తుంది.

అధికారి: “ఈ ఒక్కచోట మీతో ఏకీభవిస్తాను. బాలల సంక్షేమ కమిటీ ఇచ్చిన ఉత్తర్వే అర్హతకి ఆధారం కావాలి. ఏ వయసులో అనాథ అయిందన్న విచారణ తహసీల్దారు చెయ్యలేడు, చేసినా తేలదు.”

ఇంతవరకు నడిచినది పత్రాల గొడవ. అసలు తగవు సెలవుల దగ్గర బయటపడింది.

అధ్యాపకురాలు: “దసరాకి హాస్టల్ మూసేస్తారు సార్. సంక్రాంతికి మూసేస్తారు. వేసవికి మూసేస్తారు. వార్డెను తాళం వేసుకుని తన ఊరికి వెళ్ళాలి, ఆయన్ని తప్పుపట్టలేం. అందరూ సంచులు సర్దుకుని బస్టాండుకి బయల్దేరతారు. ఈ పిల్ల ఎక్కడికి పోవాలి? స్నేహితురాలు రమ్మంటే మొదటి పండక్కి వెళుతుంది. రెండోసారి అడగడానికి మొహం చెల్లదు. ఆ పది రోజులు ఎక్కడ గడిపారని పండగ వెళ్ళాక ఎవరూ అడగరు. కొందరు బట్టల కొట్లోనో క్యాటరింగులోనో పనికి కుదిరి అక్కడే పడుకుంటారు. కొందరు తమను హింసించిన ఇంటికే తిరిగి వెళతారు, ఆడపిల్లలు కూడా. చదువు ఆగిపోవడం చాలాసార్లు ఆ సెలవుల్లోనే మొదలవుతుంది. కళాశాల తెరిచాక వారం ఆలస్యంగా వస్తారు, తర్వాత రారు. డెబ్బై అయిదు శాతం హాజరు లేకపోతే పరీక్ష లేదు, రీయింబర్స్‌మెంటూ లేదు. రికార్డులో మాత్రం ‘చదువుపై ఆసక్తి లేదు’ అని రాస్తారు.”

అధికారి: “హోముకి రావచ్చు కదా అని నాకూ అనిపించేది. కానీ పద్దెనిమిది దాటినవాళ్ళని చిన్నపిల్లల మధ్య రాత్రి ఉంచకూడదమ్మా. అది పిల్లల రక్షణ కోసం పెట్టుకున్న కట్టుబాటు. దాన్ని సడలిస్తే రేపు ఏం జరిగినా ఎవరు జవాబు చెబుతారు? పొద్దున వచ్చి అన్నం తిని వెళ్ళమనగలం. పడుకోమనలేం.”

అధికారి చెప్పిన కారణం సరైనదే. అందుకే పరిష్కారం హోము గేటు తెరవడంలో లేదు. మాదిరి నియమాల్లో ఉన్న ఆరెనిమిది మంది ఇళ్ళలో ఉంది. అవి జిల్లాకు ఒకటైనా, మగపిల్లలకూ ఆడపిల్లలకూ విడివిడిగా, ఏడాది పొడవునా తెరిచి ఉంటే సెలవుల సమస్య తీరుతుంది. ఇంగ్లండులో 1989 నాటి పిల్లల చట్టం, ఉన్నత విద్యలో ఉన్న ఇలాంటి యువతకు సెలవుల్లో వసతి చూపే బాధ్యతను స్థానిక ప్రభుత్వం మీద పెట్టింది. 2014లో తెచ్చిన మరో చట్టం, ఫోస్టర్ కుటుంబంలో పెరిగినవాళ్ళు ఇష్టపడితే ఇరవై ఒకటి దాకా ఆ ఇంట్లోనే ఉండే ఏర్పాటుకు సాయం చేస్తుంది. 2017లో వ్యక్తిగత సలహాదారు సాయాన్ని ఇరవై అయిదు దాకా పెంచారు. అమెరికాలో ఫోస్టర్ కేర్‌లోంచి వచ్చిన విద్యార్థులకు కేంద్రం ఏడాదికి 5,000 డాలర్ల దాకా ఇచ్చే చదువు వోచరు ఇరవై ఆరేళ్ళ వరకు వర్తిస్తుంది. డబ్బున్న దేశాలు కాబట్టి చేశాయన్న మాటలో నిజం కొంతే ఉంది. పండగ పది రోజులు ఒక గది తెరిచి ఉంచడానికి ధనిక దేశం కానక్కర్లేదు.

సంవాదంలో అధికారి పక్షం అన్నిటికన్నా బలంగా నిలబడేది ఆ తర్వాతి అంశంలో.

అధికారి: “మీరు కాలేజీకి వచ్చాక చూస్తారు, మేం అంతకుముందు చూస్తాం. హోములో గంట కొడితే లేస్తారు, గంట కొడితే తింటారు. పదిహేనేళ్ళ పిల్లకి ఉప్పు ప్యాకెట్టు ధర తెలియదు. ఒంటరిగా బస్సెక్కి ఉండదు. అలాంటి పిల్లని మరో ఐదేళ్ళు హాస్టల్లో ఉంచి, మరో వార్డెను చేతికిచ్చి, డిగ్రీ పట్టా చేతిలో పెట్టి ఇరవై మూడో ఏట బయటికి పంపితే అప్పుడు మాత్రం బతకడం వచ్చేస్తుందా? మీరు సాయం అనుకుంటున్నది ఇంకో హోము కావచ్చు. పదో తరగతి కాగానే పాలిటెక్నిక్కో ఐటీఐయో నర్సింగో చేయించి, ఇరవైకల్లా జీతం చేతిలో పడేలా చూస్తే ఆ బిడ్డకి ధైర్యం వస్తుంది. చదువు తర్వాతైనా చదువుకోవచ్చు. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది కదా.”

అధ్యాపకురాలు: “గంట సంగతి నూటికి నూరుపాళ్ళు నిజం. హాస్టలు ఇంకో హోము కావడమూ నిజం. అది నేను ముందు ఆలోచించలేదు. అందుకే ఆరెనిమిది మంది ఇల్లు కావాలి. అందులో వంట వాళ్ళే చేసుకోవాలి, కరెంటు బిల్లు వాళ్ళే కట్టుకోవాలి. అయితే పాలిటెక్నిక్ ఎవరు ఎంచుకుంటున్నారో చెప్పండి. ఆ పిల్ల ఎంచుకుంటే నేనే దగ్గరుండి చేర్పిస్తాను. గడువు దగ్గరపడుతోందని హోము ఎంచుకుంటోంది. ఆడపిల్లలైతే నర్సింగు లేదా కుట్టు, మగపిల్లలైతే ఎలక్ట్రీషియను. గణితంలో వందకి తొంభై ఐదు తెచ్చుకున్న పిల్లని కూడా అటే పంపుతున్నాం, ఎందుకంటే మన దగ్గర మూడేళ్ళే ఉన్నాయి. ఇంట్లో ఉన్న పిల్ల ఒకసారి తప్పు గ్రూపు తీసుకుని మార్చుకోగలదు, ఒక ఏడాది పోగొట్టుకుని మళ్ళీ రాయగలదు. రెండు బ్యాక్‌లాగులు పడితే ఇంట్లో తిడతారు గానీ అన్నం మానరు. ఈ పిల్లకి ఒక్క సెమిస్టరు తప్పినా నెలసరి సాయం ఆగిపోతుంది.”

పదో తరగతి తర్వాత వృత్తి చదువా, డిగ్రీయా అన్నది ఏ బిడ్డకు ఆ బిడ్డ విషయంలో తేలవలసిన ప్రశ్న. రెండిటికీ మధ్య దారులు కూడా ఉన్నాయి. 2008లో మొదలైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో పదో తరగతి మార్కులతోనే చేర్చుకుని, ఆరేళ్ళు ఒకే ప్రాంగణంలో ఉంచి బీటెక్ దాకా చదివిస్తుంది. ఇంటరుకు ఒకసారి, ఇంజనీరింగుకు ఒకసారి చోటు వెతుక్కునే బాధ తప్పడం హోములో పెరిగినవాళ్ళకు చిన్న వరం కాదు. ప్రతిభ ఉన్న పిల్లల విషయంలో హోము సూపరింటెండెంట్లు ఈ దారిని ఎనిమిదో తరగతి నుంచే దృష్టిలో పెట్టుకోవాలి.

సాయంతో పాటు వచ్చే ముద్ర గురించి కూడా ఇద్దరూ మాట్లాడుకున్నారు. తరగతిలో లేచి నిలబడమని పేరు పిలిచి ఇచ్చే స్కాలర్‌షిప్పు, దాతల పక్కన నిలబెట్టి తీసే ఫొటో, నోటీసు బోర్డు మీద ‘అనాథలు’ అన్న శీర్షిక కింద అంటించే జాబితా విద్యార్థిని కళాశాలకే దూరం చేస్తాయి. సంరక్షణలో ఉన్న బిడ్డ వివరాలు బయటపెట్టడాన్ని చట్టంలోని 74వ సెక్షన్ నిషేధిస్తోంది. ఆ మర్యాద పద్దెనిమిదో పుట్టినరోజుతో ముగిసిపోవడానికి వీల్లేదని అధికారి గట్టిగానే అన్నారు. ప్రత్యేక సాయం ఎంత పెరిగితే అంత బహిరంగమవుతుందన్నది ఆయన భయం. కళాశాలలో ఒక్కరికే, అదీ విద్యార్థి ఒప్పుకున్నాకే విషయం తెలియాలన్నది అధ్యాపకురాలి జవాబు.

ఆ ఒక్కరు ఎవరన్నది చర్చలో చివరికి మిగిలిన పెద్ద ప్రశ్న. ఫారం మీద సంతకం, కాన్పుకో ఆపరేషనుకో ఆసుపత్రిలో పక్కన నిలబడడం, అద్దె ఇంటి యజమానితో మాట్లాడడం, మొదటి ఉద్యోగపు ఒప్పందం చదివి చెప్పడం ఏ పథకంలోనూ పద్దుగా రాయలేనివి. జిల్లా బాలల సంరక్షణ విభాగంలోని కొద్దిమంది సిబ్బంది బాల్య వివాహాలు, తప్పిపోయిన పిల్లలు, దత్తత కేసుల మధ్య వీటికి సమయం తియ్యలేరు.

అధికారి: “ఉద్యోగులు బదిలీ అయిపోతారమ్మా. నా తర్వాత వచ్చినాయనకి ఆ పిల్ల ఒక ఫైలు నంబరు. ఇది జీతం తీసుకునేవాళ్ళ వల్ల అయ్యే పని కాదు.”

అధ్యాపకురాలు: “జీతం తీసుకోనివాళ్ళ మీదే వదిలేస్తే అదృష్టం ఉన్న పిల్లకే దొరుకుతుంది. ఆఫ్టర్ కేర్ ఉత్తర్వులోనే ఒక పేరు ఉండాలి. లెక్చరరు కావచ్చు, అదే హోములో పెరిగి స్థిరపడిన అక్కో అన్నో కావచ్చు, రిటైరైన టీచరు కావచ్చు. నెలకి రెండుసార్లు కలవాలి, పండక్కి భోజనానికి పిలవాలి, ఫోను ఎత్తాలి. ఎవరి పేరు రాస్తున్నారో ముందు విద్యార్థిని అడగాలి. పోలీసు విచారణ జరగాలి, ఏడాదికోసారి కమిటీ సమీక్షించాలి. దారి ఖర్చులు ఇవ్వాలి.”

అధికారి దీనికి అడ్డు చెప్పలేదు. హోములో పెరిగినవాళ్ళలోంచే ఎంచడం మేలన్నారు. సెలవుల బాధ, ఫారాల బాధ వాళ్ళకు చెప్పి తెలియజేయనక్కర్లేదు.

పనుల వరుస మీద కూడా చాలావరకు పొత్తు కుదిరింది. విడుదల తర్వాతి ప్రణాళికను బిడ్డ బయటికి వెళ్ళే తేదీకి రెండు నెలల ముందు సమర్పించాలని నియమం. ఆ రెండు నెలలు కాగితాలకే చాలవు. నవంబరులో పద్దెనిమిది నిండే పిల్లకు డిగ్రీ ప్రవేశాల కాలం వేసవిలోనే దాటిపోయి ఉంటుంది. అందుకని ప్రణాళిక పదో తరగతిలో చేరిన నాడే మొదలవ్వాలనీ, ఆధార్, బ్యాంకు ఖాతా, కుల లేదా అనాథ ధ్రువపత్రం, ఓటరు దరఖాస్తు హోములో ఉండగానే చేతికి రావాలనీ, విద్యాసంవత్సరం మధ్యలో పద్దెనిమిది నిండితే ఆ ఏడాది చివరిదాకా ఎవరినీ కదపకూడదనీ ఇద్దరూ ఒప్పుకున్నారు. పదహారో ఏట నుంచి నెలకు కొంత డబ్బు చేతికిచ్చి లెక్క రాయించాలన్న సూచన అధికారిది. ముగింపు తేదీ పుట్టినరోజును బట్టి కాక కోర్సు పూర్తయ్యేదాన్ని బట్టి, తప్పిన పరీక్షలు రాసుకోవడానికి మరో ఏడాది కలిపి ఉండాలన్నది అధ్యాపకురాలిది. మొదటిదాన్ని ఆమె వెంటనే ఒప్పుకున్నారు. రెండోదాన్ని ఆయన, చదువు నిజంగా సాగుతోందని ఏటా చూడాలన్న షరతు మీద ఒప్పుకున్నారు.

తేలనిది 46వ సెక్షన్‌లోని క్రియాపదం. ‘ఇవ్వవచ్చు’ అన్నది ‘ఇవ్వాలి’గా మారాలని అధ్యాపకురాలు పట్టుబట్టారు. వచ్చు అన్నంతకాలం నిధులు లేవన్న ఒక్క మాటతో ఏ దరఖాస్తునైనా వెనక్కి పంపవచ్చు, దాన్ని ప్రశ్నించే హక్కు విద్యార్థికి ఉండదు. అధికారి ఒప్పుకోలేదు. హక్కుగా మార్చిన రోజున పరిమితమైన పద్దులోంచి ముందు హక్కుదారులకే ఇవ్వవలసి వస్తుంది, స్పాన్సర్‌షిప్ కోసం ఎదురుచూసే తల్లుల వంతు వెనక్కి పోతుంది. రెండిటికీ విడివిడి పద్దులు పెట్టి, రెండిటినీ హక్కులే చెయ్యమని ఆమె అడిగారు. అలా పెడితే తనకు అభ్యంతరం లేదనీ, పెట్టేదాకా మాత్రం ‘వచ్చు’ దగ్గరే నిలబడతాననీ ఆయన అన్నారు.